చిరుతబల్లి ఏల చిక్కిపోవును?

ఇంటి గోడపై ప్రాకు బల్లిని ఎరుగనివారు మనలో లేరు. అది పలికినను శకునమే; మీద పడినను శకునమే. కంచి వరదరాజస్వామి ఆలయమునకు వెళ్ళి అచ్చటి బంగారు బల్లిని తాకి వచ్చినవారు మన చిత్తూరు సీమలో చాలమంది కలరు. ఇట్టి దేశమున బల్లిని పెట్టెలో ఉంచి, పురుగులు పెట్టి పెంచుట వింతగా తోచవచ్చును. కాని ఇటీవలి కాలమున పట్టణములయందు కొందరు పిల్లలును, పెద్దలును చిరుతబల్లి అను ఒక జాతిని మక్కువతో పెంచుచున్నారు. పసుపుపచ్చని ఒంటిపై చిరుతపులికివలె నల్లని మచ్చలుండుటచే దానికీ పేరు వచ్చినది.

దీనిని పెంచువారికి తరచుగా ఎదురగు కష్టము ఒకటి కలదు. జంతువు క్రమముగా చిక్కిపోవును. కుక్కవలె మూలుగదు, పిల్లివలె అరవదు, మూలనున్న పెంకు క్రింద కదలక పడియుండును. యజమాని కనిపెట్టునప్పటికి చాల ఆలస్యమై యుండును. అయితే చిక్కిపోవుట వ్యాధి కాదు, వ్యాధిలక్షణము. దాని వెనుకనున్న కారణము చలి కావచ్చును, ఆహారలోపము కావచ్చును, పరాన్నజీవి కావచ్చును. కారణమును వెదకుటకు ఒక క్రమము కలదు. ఆ క్రమమును తెలిసికొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చిరుతబల్లి ఎక్కడిది?

పెంపకమునందున్న చిరుతబల్లి ఆఫ్ఘనిస్థానము, పాకిస్థానము, వాయవ్య భారతములలోని పొడి కొండనేలలకు చెందినది. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ మ్యూజియమున పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ 1854లో దీనిని వర్ణించెను. దీని శాస్త్రీయనామము యూబ్లెఫారిస్ మాక్యులేరియస్. యూబ్లెఫారిస్ అనగా చక్కని కనురెప్పలు గలది అని అర్థము. మన ఇంటి బల్లికి కదలు రెప్పలు లేవు. అది నాలుకతో కన్నులను తుడుచుకొనును. చిరుతబల్లి మాత్రము మనవలె రెప్పలు మూసి నిద్రించును. మరియొక భేదము గమనింపుడు. ఇంటి బల్లి వ్రేళ్ళ క్రింద గోడను పట్టుకొను పొరలు కలవు. చిరుతబల్లికి అవి లేక, చిన్న గోళ్ళు మాత్రమే కలవు. కావున అది గోడనెక్కజాలదు, నేలపైననే తిరుగును.

దీని దగ్గరి చుట్టము మన ఆంధ్రదేశముననే కలదు. విశాఖపట్టణ ప్రాంతపు తూర్పు కనుమలయందలి చిరుతబల్లి ప్రత్యేక జాతియని జీషాన్ మీర్జా, జ్ఞానేశ్వర్ అను పరిశోధకులు 2022లో వర్ణించి, దానికి యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరిడిరి. పిక్టస్ అనగా రంగులు వేసినది. తిరుమల కొండలయందు నివసించు బంగారు బల్లి వేరొక ప్రజాతికి చెందినది. దానిని బెడ్డోమ్ 1870లో వర్ణించెను. అది రాతి చరియలపై ప్రాకునది. ఈ బల్లులలో ఏదియు విషము గలది కాదు. మచ్చలను చూచి భయపడి చిరుతబల్లులను కొట్టి చంపుట అజ్ఞానము.

తోకలోని గాదె

రైతు పంట ఇంటికి వచ్చినప్పుడు ధాన్యమును గాదెలో నింపి, కరవు రోజులలో తీసి వాడుకొనును. చిరుతబల్లి గాదె దాని తోక. కొండనేలలలో పురుగులు సంవత్సరమంతయు దొరకవు. దొరికిన కాలమున కడుపార తిని, మిగిలిన శక్తిని క్రొవ్వుగా మార్చి తోకలో దాచుకొనును. చలికాలమున రాళ్ళ క్రింద, బొరియలలో దాగి, ఆహారము లేకయే ఆ నిల్వపై బ్రతుకును. ఒంటె మూపురము, దుంబా గొర్రె తోక చేయు పనియు ఇదియే.

కావున ఆరోగ్యము తెలిసికొనుటకు మొదట చూడవలసినది తోకను. పుష్టిగానున్న చిరుతబల్లి తోక మధ్యభాగము ఇంచుమించు మెడంత లావుగా ఉండును. నిల్వ తరిగిన కొలది తోక సన్నబడును. దానిపై వలయములు స్పష్టముగా కనబడును. అటుపిమ్మట నడుము ఎముకలు, వెన్నుపూస పైకి తేలును. పుల్లవంటి తోక కనబడినచో గాదె అడుగంటినదని గ్రహింపవలెను.

ఒక్కొకప్పుడు గాదె ఒక్కసారిగా పోవును. భయపడినప్పుడు, లేదా తోక పట్టి ఎత్తినప్పుడు, చిరుతబల్లి దానిని త్రెంచుకొని పారిపోవును. కొత్త తోక మొలచును కాని అది పొట్టిగా, ముల్లంగి దుంపవలె ఉండును. తోక పోయిన జంతువు నిల్వ లేనిదగుటచే దానికి మంచి ఆహారము, ప్రశాంతి అవసరము. దీనిని ఎప్పుడును తోక పట్టి ఎత్తరాదు.

ముందు తూచుడు

కంటి అంచనా మోసపుచ్చును. రోజూ చూచు జంతువు చిక్కినట్లు రోజూ చూచువానికి తెలియదు. ఒక గ్రాము వరకు చూపు చిన్న త్రాసు ఉన్నచో చాలును. పాఠశాల ప్రయోగశాలలోని త్రాసైనను పనికివచ్చును. ఒక తేలికపాటి డబ్బాను తూచి, పిమ్మట బల్లితో కూడ తూచి, తీసివేయవలెను. వారమునకొకసారి, ఒకే రోజున, మేత పెట్టుటకు ముందు తూచి వ్రాసికొనవలెను. పెరిగిన చిరుతబల్లి సామాన్యముగా 45 నుండి 80 గ్రాముల వరకు తూగును.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక బల్లి వరుసగా నాలుగు వారములలో 60, 59, 57, 54 గ్రాములు తూగినదనుకొందము. తరిగినది 6 గ్రాములు. 6ను 60చే భాగించి 100చే గుణించినచో 10 శాతము వచ్చును. 60 కిలోల మనిషి ఒక నెలలో 6 కిలోలు తగ్గినట్లే! ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు: తగ్గుదల 1, 2, 3 గ్రాములుగా వారము వారము పెరుగుచున్నది. రేఖాపటము గీచినచో గీత క్రిందికి వంగును. ఇట్టి గీతను చూచి ఉపేక్షింపరాదు. మరియొక బల్లి 60, 58, 59, 58 తూగినచో అది కడుపులోని మేత, విసర్జనల వలని తేడా కావచ్చును.

పిల్ల బల్లుల విషయము వేరు. అవి పెరుగవలసినవి. పిల్ల బల్లి బరువు వారముల తరబడి మారకున్నను అది హెచ్చరికయే. గ్రుడ్లు పెట్టిన ఆడుబల్లి కొంత తరుగుట సహజము. అది ఒక్కొక్క పర్యాయము సాధారణముగా రెండు గ్రుడ్లు పెట్టును. కుబుసము విడుచుటకు ముందు రెండు మూడు రోజులు మేత మానుటయు సహజమే.

మొదటి ప్రశ్న: వెచ్చదనము చాలునా?

బల్లి చిక్కుచున్నదనగానే మనకు తోచునది మేత హెచ్చించుట. కాని మొట్టమొదట చూడవలసినది మేతను కాదు, ఉష్ణమాపకమును.

సరీసృపములు తమ దేహమును లోపలినుండి వేడిచేసికొనలేవు. అందుచేతనే వానికి అల్పాహారము చాలును. సమానమైన బరువుగల క్షీరదము ఖర్చుపెట్టు శక్తిలో సుమారు పదవ వంతుతో అవి గడుపుకొనగలవు. ఈ పొదుపునకు ఒక వెల కలదు. వాని జీర్ణశక్తి పరిసరముల వేడిపై ఆధారపడును. జీర్ణరసములలోని ఎంజైములు చేయు రసాయనిక చర్యల వేగము ప్రతి 10 డిగ్రీల తగ్గుదలకు ఇంచుమించు సగమునకో, అంతకంటె తక్కువకో పడిపోవును. చలిలో తిన్న పురుగు కడుపులో అరుగక నిలిచియుండును. ఒక్కొకప్పుడు కుళ్ళి వాంతియగును. ఆకలి చచ్చును. బల్లి మేత ముట్టదు. చూచువారికి అది మేతలోపముగా కనబడును గాని, అసలు లోపము వేడిమిలో నున్నది.

పలమనేరువారు ఈ విషయమును ప్రత్యేకముగా గమనింపవలెను. చిత్తూరునుండి మొగిలి కనుమనెక్కి వచ్చినచో పలమనేరు పీఠభూమి మొదలగును. ఇది సముద్రమట్టమునకు సుమారు 680 మీటర్ల ఎత్తున నున్నది. నీలగిరులకు దారి ఏర్పడకముందు చెన్నపట్టణపు దొరలు చల్లదనము కొరకు ఇచ్చటికి వచ్చుచుండిరి. తిరుపతి ఎత్తు సుమారు 160 మీటర్లు మాత్రమే. ఎత్తు పెరిగిన కొలది గాలి సగటున వేయి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడును. ఈ లెక్కను 520 మీటర్లకు వర్తింపజేసినచో మూడు డిగ్రీలకు పైగా భేదము వచ్చును. తిరుపతిలో ఏ ఏర్పాటును లేక సుఖముగానున్న బల్లి, పలమనేరులో మార్గశిర పుష్యమాసముల రాత్రులలో మేత మానివేసినచో ఆశ్చర్యము లేదు.

చిరుతబల్లికి పెట్టె అంతయు ఒకే వేడిగా ఉండరాదు. ఒక కొనన నేల 31 నుండి 33 డిగ్రీల సెంటిగ్రేడు వరకు, రెండవ కొనన 24 నుండి 26 వరకు ఉండవలెను. తనకు కావలసిన చోటికి అదే జరుగును. రాత్రివేళ కొంత చల్లబడినను 20 డిగ్రీలకు దిగరాదు. అది పొట్టను వెచ్చని నేలకానించి జీర్ణించుకొనునది. కావున పెట్టె అడుగున మూడవ వంతు మేర విద్యుత్తుతో వేడెక్కు పలుచని చాపనమర్చి, వేడిని అదుపుచేయు థర్మోస్టాటును తగిలించుట మేలు. థర్మోస్టాటు లేనిచో చాప మితిమీరి వేడెక్కి పొట్ట చర్మమును కాల్చును. ఉష్ణమాపకమును పెట్టె గోడకు గాక, బల్లి పడుకొను నేలపైననే ఉంచి చూడవలెను. కరెంటు పోయిన చలి రాత్రి, వెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక మూల ఉంచవచ్చును.

అడవిలోని బల్లి చలికాలమంతయు పస్తుండగా, పెట్టెలోని బల్లికి హాని ఏల కలుగవలెను? అడవిలో చలి క్రమముగా వచ్చును. అప్పటికి కడుపు ఖాళీయై, తోక నిండియుండును. చలి వలన శక్తివ్యయమును బాగుగా తగ్గును. పెట్టెలోని బల్లి పగలు వేడెక్కి, రాత్రి చల్లబడి, నిద్రకును మెలకువకును నడుమ చిక్కుకొనును. ఖర్చు ఆగదు, ఆదాయము రాదు. గాదె ఖాళీయగుట ఈ విధముననే.

రెండవ ప్రశ్న: ఏమి తినుచున్నది?

వేడిమి సరిగానున్నచో అప్పుడు ఆహారమును విచారింపవలెను. చిరుతబల్లి కేవలము పురుగులను తిను జంతువు. అన్నము, పాలు, కూరగాయలు దానికి ఆహారము కావు. కదలు పురుగును చూచియే అది వేటాడును. కీచురాళ్ళు, పెంపకపు బొద్దింకలు, పిండిపురుగులు దాని సామాన్యాహారము. ఒక్కొక్క పురుగు వెడల్పు బల్లి రెండు కన్నుల నడుమ దూరమును మించరాదు. పిల్లలకు ప్రతిదినము, పెద్దవానికి రెండు మూడు దినములకొకసారి, చీకటిపడిన పిమ్మట మేత పెట్టవలెను. తినక మిగిలిన కీచురాళ్ళను పెట్టెలో వదలరాదు. అవి రాత్రివేళ నీరసించిన బల్లినే కొరికి గాయపరచును.

పలమనేరు, కుప్పము ప్రాంతములలో మల్బరీ తోటలు, పట్టుపురుగుల పెంపకము కలవు. మెత్తని చర్మము, తక్కువ క్రొవ్వు గల చిన్న పట్టుపురుగు చిక్కిన బల్లికి మంచి మేత. అయితే మందు చల్లిన ఆకు తిన్న పురుగులను, జబ్బుపడిన పురుగులను పెట్టరాదు. టొమాటో తోటలలో పట్టిన మిడతలును ఇట్లే ప్రమాదకరములు. పురుగుమందు మిడతను వెంటనే చంపకపోవచ్చును గాని, పది మిడతలను తిన్న బల్లిని చంపవచ్చును. మిణుగురు పురుగులను ఎప్పుడును పెట్టరాదు. వానిలోని విషపదార్థము బల్లులకు ప్రాణాంతకము.

కడుపు నిండినంత మాత్రమున పోషణ జరిగినట్లు కాదు. కీచురాయిలో భాస్వరము ఎక్కువ, కాల్షియము తక్కువ. ఇట్టి మేతతోనే పెరిగిన బల్లి ఎముకలు మెత్తబడును, దవడ వంగును, కాళ్ళు వణకును. దవడ నొచ్చుటచే మేత మానును; అందుచే చిక్కును. దీనికి నివారణ సులభము. పురుగులకు ఒక దినము ముందుగా ఆకుకూరలు, క్యారెట్టు మేపి, పెట్టునప్పుడు కాల్షియము పొడిలో దొర్లించవలెను. ఆ కాల్షియము ఒంటబట్టుటకు డి విటమిను కావలెను. ఎండ సోకని పెట్టెలోనుండు రాత్రించర జంతువు గనుక, డి3 విటమిను కలిసిన పొడిని మితముగా వాడుదురు. మితిమీరినచో అదియు హానియే.

మూడవ ప్రశ్న: నీరు, నివాసము

పొడినేల జంతువైనను దానికి నీరు అవసరము. లోతులేని పళ్ళెములో ప్రతిదినము మంచినీరు మార్చవలెను. కన్నులు లోతుకుపోయి, చర్మము ముడుతపడి, నోరు జిగటగానున్నచో దేహములో నీరు తగ్గినదని గుర్తు.

పెట్టెలో కనీసము మూడు దాగుచోట్లు ఉండవలెను: వెచ్చని కొనన ఒకటి, చల్లని కొనన ఒకటి, తడిగా ఒకటి. మట్టిపనికి పేరుపొందిన పలమనేరులో ఇందుకు వెదకనక్కరలేదు. అంచులు నున్నగా రుద్దిన పగిలిన కుండపెంకును బోర్లించినచో చాలును. ఒక పెంకు క్రింద తడిపిన కొబ్బరిపీచు ఉంచినచో అదే తడిగూడు. అచ్చట బల్లి కుబుసము సులభముగా విడిచి, దానిని తినివేయును. గాలి పొడిగానున్నచో కుబుసము కాలివ్రేళ్ళకును, కనురెప్పల క్రిందను అంటుకొని మిగులును. కన్ను కనబడని బల్లి వేటాడలేదు. గోరువెచ్చని నీటితో తడిపి మెల్లగా తీయవలెనే కాని లాగరాదు.

నేలపై ఇసుక పరచుట మంచిది కాదు. మేతతో కడుపులోనికి పోయిన ఇసుక ప్రేగులలో గట్టిపడి దారి మూయును. కాగితము పరచినచో శుభ్రము. పైగా మలమును పరీక్షించుట సులభము. ఒకే పెట్టెలో రెండు బల్లులను పెంచినచో బలమైనది మేతను, వెచ్చని చోటును ఆక్రమించును. బలహీనమైనది కొట్లాట లేకయే చిక్కిపోవును.

నాలుగవ ప్రశ్న: వ్యాధి ఉన్నదా?

పై మూడును సరిగా ఉండియు బరువు తరుగుచున్నచో వ్యాధిని శంకింపవలెను. ఇచ్చట సాక్ష్యమిచ్చునది మలము. ఆరోగ్యవంతమైన బల్లి మలము గోధుమ లేక నలుపు రంగున గట్టిగా ఉండి, ప్రక్కన తెల్లని ముద్ద కలిగియుండును. ఆ తెల్లనిది మూత్రమే; నీటిని పొదుపుచేయుటకై యూరిక్ ఆమ్ల రూపమున విసర్జింపబడును. మలము నీరుగా, దుర్వాసనతో, అరుగని పురుగులతో ఉన్నచో తాజా నమూనాను చిన్న సీసాలో పశువైద్యునికి చేర్చవలెను. ప్రేగులలోని సన్నని పురుగులు, వాని గ్రుడ్లు సూక్ష్మదర్శినిలో కనబడును. వానికి మందులు కలవు. మందును, మోతాదును బరువును బట్టి వైద్యుడే నిర్ణయింపవలెను. మీ తూనికల పట్టిక ఆయనకు ఎంతయో ఉపకరించును.

వీనిలో భయంకరమైనది క్రిప్టోస్పోరిడియము అను ఏకకణజీవి. అది జీర్ణకోశపు గోడలలో చేరి, తిన్నది ఒంటబట్టనీయదు. తోక పుల్లవలె అగును. దీనిని నిశ్చయముగా నయముచేయు మందు లేదు. సామాన్యమైన క్రిమిసంహారకములకు అది చావదు. అందువలన కొత్తగా తెచ్చిన బల్లిని కొన్ని వారములు విడిగా ఉంచి, దాని పళ్ళెములను, పట్టుకారును ఇతర బల్లులకు వాడకుండుట ఉత్తమము.

పది శాతము బరువు తగ్గినను, పెద్ద బల్లి రెండు వారములు మేత ముట్టకున్నను, పిల్ల బల్లి కొద్ది దినములే మానినను, వాంతి లేక రక్తము కనబడినను ఆలస్యము చేయరాదు. సరీసృపముల వైద్యము తెలిసినవారు ప్రతి ఊరను ఉండరు. తిరుపతిలో 1955లో స్థాపించిన పశువైద్య కళాశాల కలదు. ఎవరిని చూడవలెనో అట్టి సంస్థలలో విచారింపవచ్చును. నోరు తెరచి బలవంతముగా మేత క్రుక్కరాదు. చల్లగానున్న బల్లికి మేత పెట్టరాదు. మొదట వెచ్చదనము, పిమ్మట నీరు, ఆ తరువాతనే కొద్దికొద్దిగా మేత: ఇది తప్పరాని వరుస.

చేతులు, చట్టము

బల్లుల ప్రేగులలో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులు ఉండవచ్చును. అవి బల్లికి హాని చేయకున్నను మనుష్యులకు విరేచనములు, జ్వరము కలిగించును. పెట్టెను ముట్టిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగవలెను. పళ్ళెములను వంటయింటిలో కడుగరాదు. పసిపిల్లల చేతికి బల్లిని ఇయ్యరాదు.

పలమనేరు చెంత కౌండిన్య అభయారణ్యము కలదు. అచ్చటినుండి బల్లినేగాని, మరే ప్రాణినిగాని పట్టితెచ్చుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించుచున్నది. బంగారు బల్లికి ఆ చట్టమున ప్రత్యేక రక్షణ కలదు. పెంపుడు జంతువును కొనదలచినవారు అది చట్టసమ్మతమగునా, కాదా అని అటవీశాఖవారిని ముందుగా అడిగి తెలిసికొనవలెను. పెంచలేకపోయినచో దానిని అడవిలో విడుచుటయు తప్పే. పెట్టెలో పెరిగినది అచ్చట బ్రతుకజాలదు. దానిలోని వ్యాధి అడవి బల్లులకు సోకవచ్చును.

ఉపాధ్యాయులకు ఒక సూచన. ఈ పాఠమునకు చిరుతబల్లియే అక్కరలేదు. తరగతి గోడకు ఒక ఉష్ణమాపకము తగిలించి, చలికాలపు నెల రోజులు దీపము చెంత ఇంటి బల్లులు ఎన్ని వచ్చినవో, ఆనాటి సాయంకాలపు వేడిమి ఎంతయో విద్యార్థులచే వ్రాయించుడు. వేసవిలో మరల ఒక నెల వ్రాయించుడు. రెండు పటములను ప్రక్క ప్రక్కన పెట్టినచో వేడిమికిని, బల్లి వేటకును గల సంబంధమును విద్యార్థులే చెప్పగలరు. బల్లి పెంచు విద్యార్థి తరగతిలో ఉన్నచో, తూనికల పట్టికను కూడ అతనిచే తెప్పించుడు. చిరుతబల్లి సరిగా పెంచినచో పదునైదు, ఇరువది ఏండ్లు బ్రతుకును. నోరులేని ఆ ప్రాణి తన కష్టమును చెప్పుకొనలేదు. వారము వారము వ్రాసిన నాలుగు అంకెలు దాని పక్షమున చెప్పగలవు.